రేస్ కారుకు మాస్టర్ కటాఫ్ స్విచ్: ఇంజన్ నిజంగా ఆగేలా వైరింగ్ చేసే పద్ధతి

“అన్నా, స్విచ్ తిప్పినా బండి బంద్ అయితలేదు, ఏం చేయాలె?” హైదరాబాద్‌లో రేస్ కార్లు తయారు చేసుకుంటున్న కుర్రాళ్ల నుంచి నాకు తరచుగా వచ్చే ప్రశ్న ఇదే. సమాధానం కూడా దాదాపు ప్రతిసారీ ఒకటే. వారు బ్యాటరీని మాత్రమే వేరు చేశారు. తిరుగుతున్న ఇంజన్‌కు బ్యాటరీతో పని లేదు, ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటుతోనే అది నడిచిపోతుంది. కటాఫ్ స్విచ్ వైరింగ్ అంటే బ్యాటరీని వేరు చేయడం, ఇగ్నిషన్‌ను ఆపడం, ఆల్టర్నేటర్ నుంచి వచ్చే వోల్టేజి పోటును మళ్లించడం. ఈ మూడూ ఒకే తిప్పుతో జరగాలి.

ఇక్కడ చెప్పేది 12 వోల్టుల పెట్రోల్ కార్ల గురించి మాత్రమే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన పరుగెత్తిన ‘ఫార్ములా-ఈ’ ఎలక్ట్రిక్ కార్ల వంటి హై వోల్టేజ్ వాహనాలకు ఈ పద్ధతి వర్తించదు, వాటి జోలికి ఇంటి వర్క్‌షాపులో పోకూడదు. ఎలక్ట్రానిక్ ఇంజెక్టర్లు లేని డీజిల్ ఇంజన్‌కైతే కరెంటు తీసివేసినా సరిపోదు. గాలి లోపలికి పోకుండా మూసే పరికరాన్ని కూడా స్విచ్‌తో జత చేయవలసి ఉంటుంది.

1. ముందుగా చూడవలసిన నియమాలు

మీరు పాల్గొనే పోటీకి సంబంధించిన ఎఫ్‌ఎంఎస్‌సీఐ (భారత మోటార్ క్రీడల సమాఖ్య) నియమావళిని, ఆ ఈవెంటు నిర్వాహకులు విడిగా ఇచ్చే అనుబంధ నియమాలను పని మొదలుపెట్టే ముందే చదవండి. రోడ్డు కార్ల నుంచి మార్చిన సెలూన్ రేసు కార్లకు ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య) అపెండిక్స్ జె లోని 253వ ఆర్టికల్ చెప్పేది క్లుప్తంగా ఇది: బ్యాటరీ, ఆల్టర్నేటర్, లైట్లు, హారన్, ఇగ్నిషన్ సహా అన్ని సర్క్యూట్లనూ స్విచ్ తెంపాలి, ఇంజన్‌ను కూడా ఆపాలి. స్విచ్ నిప్పురవ్వ రాని రకమై ఉండాలి, కారు లోపలి నుంచీ బయటి నుంచీ అందాలి. పైకప్పు ఉన్న కారుకైతే బయటి హ్యాండిల్ విండ్‌స్క్రీన్ స్తంభం అడుగు భాగంలో ఉండాలి.

ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు తయారు చేసే ఫార్ములా స్టూడెంట్ కార్లకు స్విచ్ స్థానం వేరు: కారు కుడివైపున, మెయిన్ హూప్ (డ్రైవరు వెనక ఉండే రక్షణ గొట్టపు వంపు) దగ్గర, డ్రైవరు భుజం ఎత్తులో ఉంచాలి. సెలూన్ కారు బొమ్మను చూసి ఫార్ములా కారుకు బిగిస్తే స్క్రూటినీలో, అంటే పోటీకి ముందు జరిగే తనిఖీలో, వెనక్కి పంపుతారు.

2. సామగ్రి

• ఆరు టెర్మినళ్ల మెకానికల్ కటాఫ్ స్విచ్. రెండు పెద్ద స్టడ్డులు (మరలున్న కడ్డీలు), నాలుగు చిన్న టెర్మినళ్లు ఉంటాయి.
• స్విచ్‌తో పాటు వచ్చే 3 ఓంల, 11 వాట్ల సెరామిక్ రెసిస్టర్.
• సన్నని రాగి పోగులతో అల్లిన, వేడినీ నూనెనూ తట్టుకునే తొడుగు ఉన్న కేబుల్. దుకాణంలో హెచ్‌ఓఎఫ్‌ఆర్ వెల్డింగ్ కేబుల్ అని అడగాలి.
• కేబుల్ సైజుకూ స్టడ్డు సైజుకూ సరిపోయే రాగి లగ్గులు (కేబుల్ కొసకు నొక్కి బిగించే, స్టడ్డు దూరే రంధ్రం ఉన్న ముక్కలు), లోపల జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్, రబ్బరు గ్రామెట్లు, స్టడ్డులకు రబ్బరు టోపీలు.
• బయటి హ్యాండిల్, దాని లాగుడు కేబుల్, నీలి త్రిభుజం స్టిక్కర్.
• మల్టీమీటర్, హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ (అద్దెకు తెచ్చుకున్నా చాలు).

కేబులూ లగ్గులూ రాణీగంజ్‌లో దొరుకుతాయి. రెసిస్టర్ పోగొట్టుకున్నవారు కోఠీ గుజరాతీ గల్లీలో 3.3 ఓంల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ తెచ్చుకుంటే సరిపోతుంది. లారీలకూ ట్రాక్టర్లకూ వాడే, రెండే స్టడ్డులున్న చవక స్విచ్ మాత్రం తేవద్దు. దానితో బ్యాటరీ వేరవుతుంది, ఇంజన్ ఆగదు. పై ప్రశ్న అడిగినవారిలో సగం మంది కార్లలో ఉన్నది అదే స్విచ్.

కేబుల్ మందం విషయంలో పొదుపు పనికిరాదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 150 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. బ్యాటరీ డిక్కీలో ఉండి, కేబుల్ నాలుగు మీటర్లు పోవలసి వస్తే, 16 స్క్వేర్ (16 చదరపు మిల్లీమీటర్ల రాగి) కేబుల్‌లో సుమారు 0.7 వోల్టు నష్టమవుతుంది, 35 స్క్వేర్‌లో 0.3 వోల్టుకు కాస్త పైన. బ్యాటరీ ఇంజన్ బేలోనే ఉంటే 25 స్క్వేర్ చాలు, డిక్కీకి మార్చినట్లయితే 35 తీసుకోండి. నెగటివ్ కేబుల్ కూడా అంతే మందం ఉండాలి.

3. స్విచ్ ఎక్కడ బిగించాలి

ఎక్కువ మంది తొందరపడేది ఇక్కడే. స్విచ్ ఆఫ్ చేసిన తరువాత కూడా కారులో కరెంటు మిగిలే కేబుల్ ఒక్కటే ఉంటుంది, అది బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్ దాకా పోయేది. కారు దేనికైనా గుద్దుకుని రేకు నలిగినప్పుడు ఆ కేబుల్ తొడుగు తెగి బాడీకి తగిలితే దానిని ఆపే సాధనం ఏదీ ఉండదు. అందుచేత ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. డ్రైవరుకు అందాలన్న ఒక్క కారణంతో డిక్కీలోని బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు దాకా మూడు మీటర్ల కేబుల్‌ను క్యాబిన్ మధ్యగా లాగడం నాకు నచ్చని పద్ధతి.

బ్యాటరీ ఇంజన్ బేలో ఉన్న ఎస్టీమ్, స్విఫ్ట్ వంటి కార్లలో విండ్‌స్క్రీన్ కింది కౌల్ భాగం మధ్యలో బిగిస్తే బ్యాటరీకీ డ్రైవరుకూ బయటి హ్యాండిల్‌కూ మూడింటికీ దగ్గరవుతుంది. బ్యాటరీ వెనక ఉంటే స్విచ్‌ను దాని పక్కనే పెట్టి లోపలికొకటి, బయటికొకటి లాగుడు కేబుళ్లు వేయాలి. అది కుదరకపోతే లోపలా బయటా బటన్లతో పనిచేసే ఎలక్ట్రానిక్ ఐసొలేటర్ కొనడమే మేలు. ఖర్చు ఎక్కువే గానీ కేబుల్ ఇరుక్కుపోతుందన్న బెంగ ఉండదు. దానికి వైరింగ్ వేరుగా ఉంటుంది, పెట్టెలో వచ్చే కాగితం చూసి చేయండి.

రంధ్రం వేసే ముందు సీటులో కూర్చుని, బెల్టులన్నీ బిగించి, గ్లవ్స్ తొడుక్కుని, కళ్లు మూసుకుని ఆ చోటికి చేయి చాచి చూడండి. వేలికొనలు తాకితే చాలదు, పిడికిలి పట్టగలగాలి. బెల్టు బిగించకుండా చూసుకుంటే లెక్క ఒక జానెడు తప్పుతుంది.

4. టెర్మినళ్లను మీటర్‌తో గుర్తించడం

చిన్న టెర్మినళ్ల పక్కన ముద్రించిన అక్షరాలను నమ్మవద్దు, తయారీదారును బట్టి అవి మారుతుంటాయి. స్విచ్‌ను కారులో బిగించక ముందే బల్ల మీద పెట్టి, మీటర్‌ను కంటిన్యుటీలో (రెండు కొసల మధ్య దారి ఉంటే మోగే సెట్టింగులో) ఉంచి ఇలా చూడండి.

• ఆన్‌లో: పెద్ద స్టడ్డుల మధ్య మోగాలి, చిన్న జతలలో ఒకటి మోగాలి, రెండోది మోగకూడదు.
• ఆఫ్‌లో: పెద్ద స్టడ్డులు మోగకూడదు, మొదటి జత మోగకూడదు, రెండో జత మోగాలి.

ఆన్‌లో మోగిన చిన్న జతకు ‘ఇంజన్’ అనీ, ఆఫ్‌లో మోగిన జతకు ‘రెసిస్టర్’ అనీ మార్కర్‌తో స్విచ్ ఒంటి మీదే రాయండి. ఈ రెండు జతలూ తారుమారైతే తరువాత జరిగే ప్రతి పనీ తారుమారవుతుంది.

5. మెయిన్ కేబుళ్లు

మొదట బ్యాటరీ నెగటివ్ క్లాంపు తీసి పక్కకు కట్టండి. ఆ తరువాతే ప్లస్ తీయాలి. బిగించేటప్పుడు ఇది తలకిందులు, నెగటివ్ చివరన.

రోడ్డు కారు నుంచి మార్చిన బండిలో బ్యాటరీ ప్లస్ మీద రెండు మూడు వైర్లు ఉంటాయి: సెల్ఫ్‌కు ఒకటి, ఫ్యూజు బాక్సుకు ఒకటి, ఒక్కోసారి ఫ్యాన్‌కో పంపుకో తరువాత ఎవరో కలిపినది ఇంకొకటి. వీటన్నింటినీ తీసి స్విచ్ రెండో పెద్ద స్టడ్డుకు, అంటే లోడ్ వైపుకు మార్చాలి. పని పూర్తయ్యేసరికి బ్యాటరీ ప్లస్ మీద స్విచ్‌కు పోయే ఒక్క కేబుల్ తప్ప మరే వైరూ ఉండకూడదు. మినహాయింపు మంటలార్పే సిలిండర్‌కు కూడా లేదు. దాని ట్రిగ్గర్‌కు సొంత బ్యాటరీ ఉండాలి, కటాఫ్ పడిన తరువాత కూడా అది పనిచేయాలి.

స్విచ్‌ను నెగటివ్ వైపు పెట్టమని కొందరు చెబుతారు. నేను ప్లస్ వైపే పెడతాను. ఆల్టర్నేటర్, ఇంజన్, బాడీ అన్నీ ఒకదానికొకటి ఎర్త్ అయి ఉంటాయి కాబట్టి, బ్యాటరీ నెగటివ్ తీసినంత మాత్రాన తిరుగుతున్న ఆల్టర్నేటర్ సర్క్యూట్ తెగదు.

లగ్గు వేసే పద్ధతిని కొంచెం ఓపికగా చెప్పాలి. కేబుల్ తొడుగును లగ్గు గొట్టం లోతుకు సరిపడా మాత్రమే కోయండి, ఒక్క పోగు కూడా తెగకూడదు. పోగులన్నీ గొట్టంలోకి పోయి, లగ్గు ముఖం దగ్గరి చిన్న రంధ్రంలో రాగి మెరుపు కనిపించాలి. ఆరుపలకల డైతో రెండు చోట్ల నొక్కండి. తరువాత లగ్గును వైస్‌లో బిగించి కేబుల్‌ను బలంగా గుంజండి, వెంట్రుకవాసి కూడా జరగకూడదు. ఆపై హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి వేడి చేసినప్పుడు అంచున జిగురు సన్నని ఉంగరంలా ఉబికితే తేమ లోపలికి పోదు. సుత్తితో కొట్టి చపటా చేసిన లగ్గులు మొదట బాగానే కనిపిస్తాయి, నాలుగు రేసుల అదురుకు వదులవుతాయి. టంకం పోయడం కూడా తప్పే. టంకం పోగుల వెంట పైకి పాకి కేబుల్‌ను కర్రలా బిగదీస్తుంది, అది ముగిసిన చోట వంగి వంగి తెగుతుంది.

స్టడ్డు మీద వరుస ఇలా ఉండాలి: అడుగు నట్టు, దాని మీద నేరుగా లగ్గు, ఆపైన సాదా వాషరు, స్ప్రింగు వాషరు, పై నట్టు. లగ్గుకూ అడుగు నట్టుకూ మధ్య వాషరు పడితే కరెంటు దాని గుండా పోయి అక్కడ కాలుతుంది. పై నట్టు బిగించేటప్పుడు అడుగు నట్టును మరో పానాతో పట్టుకోండి, లేకపోతే స్టడ్డు తిరిగి స్విచ్ ఒళ్లు పగులుతుంది. చివరికి రబ్బరు టోపీలు తొడగండి.

ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు) దాటే ప్రతిచోటా గ్రామెట్ ఉండాలి. సైలెన్సరు గొట్టానికీ పెట్రోల్ గొట్టానికీ దూరంగా, జానెడుకొక క్లిప్పు చొప్పున కట్టుకుంటూ పోండి.

6. ఇంజన్‌ను ఆపే సర్క్యూట్

‘ఇంజన్’ అని రాసుకున్న చిన్న జత గుండా ఇగ్నిషన్‌ను ప్రాణంతో ఉంచే వైరు పోవాలి. ఏ వైరు అన్నది కారును బట్టి మారుతుంది.

పాత కార్బురేటర్ కారులో ఇగ్నిషన్ కీ నుంచి కాయిల్ ప్లస్‌కు పోయే వైరును మధ్యలో కత్తిరించి, రెండు కొసలనూ ఈ జతకు కలపండి. ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు ఉంటే దాని రిలే (సన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) కాయిల్ వైరును కూడా ఈ తెగే బిందువు తరువాతే తీసుకోవాలి.

ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఉన్న కారులో మెయిన్ రిలే కాయిల్‌కు కరెంటు ఇచ్చే సన్న వైరును ఈ జత గుండా తిప్పండి. స్విచ్ ఆఫ్ కాగానే రిలే ఊడి ఈసీయూ, ఇంజెక్టర్లు, కాయిళ్లు అన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. ఈసీయూకు పోయే మందపాటి మెయిన్ వైరును ఈ చిన్న టెర్మినళ్ల గుండా తిప్పడం నేను మానేశాను. చిన్న కాంటాక్టుల మీద బరువు ఎంత తక్కువ పడితే అవి అంత కాలం మన్నుతాయి. పెట్రోల్ పంపు రిలే ఈసీయూ ఆజ్ఞతో పనిచేసేదైతే విడిగా చేయవలసిందేమీ లేదు. దానికి ఎవరైనా నేరుగా స్విచ్ పెట్టి ఉంటే దానిని కూడా మెయిన్ రిలే తరువాతికి మార్చండి.

7. ఆల్టర్నేటర్, రెసిస్టర్

చాలా కార్లలో ఆల్టర్నేటర్ బి ప్లస్ (కరెంటు బయటికి వచ్చే) వైరు కంపెనీ నుంచే సెల్ఫ్ స్టడ్డుకు వచ్చి కలుస్తుంది. సెల్ఫ్ కేబుల్‌ను లోడ్ వైపు మార్చారు కాబట్టి ఆల్టర్నేటర్ కూడా దానితోపాటే లోడ్ వైపు వచ్చినట్లే. విడిగా బ్యాటరీకి పోతుంటే దానినీ ఫ్యూజుతో సహా లోడ్ స్టడ్డుకు మార్చండి.

ఛార్జింగ్ జరుగుతుండగా బ్యాటరీ హఠాత్తుగా వేరైతే ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్క క్షణం ఎగదన్నుతుంది. అడ్డుకట్ట లేని 12 వోల్టుల వ్యవస్థలో అది 80 వోల్టులు దాటవచ్చు. ఆల్టర్నేటర్ డయోడ్లు, ఈసీయూ దెబ్బతినేది అప్పుడే. ‘రెసిస్టర్’ జత ఆ పోటుకు దారి చూపడానికి ఉన్నది. ఆ జతలో ఒక టెర్మినల్ నుంచి లోడ్ వైపు పెద్ద స్టడ్డుకు పొట్టి వైరు, రెండో టెర్మినల్ నుంచి రెసిస్టర్, రెసిస్టర్ రెండో కొస నుంచి బాడీ ఎర్త్. ఎర్త్ చేసే చోట పెయింటు గీకి, రేకు తెల్లగా కనిపించిన తరువాత బిగించండి.

రెసిస్టరే ఇంజన్‌ను ఆపుతుందని కొందరు అనుకుంటారు, అది అపోహ. 14 వోల్టుల దగ్గర 3 ఓంల గుండా పోయేది అయిదు ఆంపియర్లకు తక్కువే, ఆల్టర్నేటర్‌కు అది లెక్కలోకి రాదు. ఇంజన్‌ను ఆపేది ఆరో అంచెలో వేసిన వైరు. ఇంకో సంగతి కూడా ఆ లెక్కలోనే ఉంది: ఆ క్షణంలో రెసిస్టర్ మీద పడేది సుమారు 65 వాట్లు, అది తట్టుకునేది 11. ఇంజన్ సెకనులో ఆగితే ఏమీ కాదు, ఆగకపోతే రెసిస్టర్ కాలిపోతుంది. అందుకే దానిని వైర్ల కట్టలో దూర్చకుండా లోహపు రేకు మీద, చుట్టూ ఖాళీ ఉండేలా బిగించండి.

8. బయటి హ్యాండిల్, స్టిక్కర్

లాగుడు కేబుల్ మలుపులు విశాలంగా ఉండాలి. ఇరుకు మలుపు ఒక్కటి ఉన్నా వర్షాకాలం పోయేసరికి కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుంటుంది. తొడుగు రెండు కొసలా గట్టిగా కట్టి ఉండాలి, లేకపోతే హ్యాండిల్ లాగినప్పుడు స్విచ్ తిరగడానికి బదులు తొడుగే కదులుతుంది. ఆన్‌లో ఉన్నప్పుడు కేబుల్‌లో కొద్దిగా వదులు ఉంచండి. పూర్తిగా బిగదీస్తే బాడీ అదురుకే స్విచ్ ఆఫ్ అయి, మంచి ల్యాపు మధ్యలో కారు ఆగిపోతుంది.

హ్యాండిల్ పక్కన తెల్ల అంచు గల నీలి త్రిభుజంలో ఎర్రని మెరుపు గుర్తు ఉన్న స్టిక్కర్ అంటించాలి, త్రిభుజం అడుగు కనీసం 12 సెంటీమీటర్లు ఉండాలి. మంటలార్పే సిలిండర్ హ్యాండిల్‌కు గుర్తు వేరు: ఎర్ర అంచు గల తెల్లని వృత్తంలో ఎర్రని ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. రెండు హ్యాండిళ్లనూ ఆనించి పెట్టకండి. మీ కారును ఎన్నడూ చూడని మార్షల్ (ట్రాక్ పక్కన సాయానికి ఉండే సిబ్బంది), గ్లవ్స్ వేసుకున్న చేత్తో, పొగలో వెతుక్కుంటాడు.

9. పరీక్షలు, ఇదే వరుసలో

మొదటిది: స్విచ్ ఆఫ్‌లో ఉంచి, బ్యాటరీ ప్లస్ క్లాంపు తీసి, క్లాంపుకూ బ్యాటరీకీ మధ్య మీటర్‌ను మిల్లీఆంపియర్లలో పెట్టండి. సున్నా చూపాలి. ఏ కొంచెం కదిలినా ఏదో వైరు స్విచ్‌ను దాటేసి పోతోందని అర్థం. మీటర్ అలా ఉండగా స్విచ్ గానీ కీ గానీ తిప్పవద్దు, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది.

రెండోది: అన్నీ బిగించి, స్విచ్ ఆన్ చేసి, కీ వేయకుండా రెండు నిమిషాలు ఆగి రెసిస్టర్‌ను తాకండి. చల్లగా ఉండాలి. వెచ్చబడితే చిన్న జతలు తారుమారయ్యాయి.

మూడోది: సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్విచ్ రెండు పెద్ద స్టడ్డుల మధ్య వోల్టేజి కొలవండి. 0.2 వోల్టు లోపు ఉండాలి. బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ స్టడ్డు దాకా మొత్తం అర వోల్టు దాటకూడదు.

నాలుగోది అసలు పరీక్ష. ఇంజన్ వేడెక్కనిచ్చి, హెడ్‌లైట్లు, ఫ్యాన్ వేసి, సుమారు 3000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి స్విచ్ ఆఫ్ చేయండి. ఇంజన్ వెంటనే ఆగాలి. కొన్నేళ్ల కిందట నేను ఐడిల్‌లో మాత్రమే పరీక్షించి ఒక కారును ట్రాక్‌కు తీసుకుపోయాను. ఐడిల్‌లో చక్కగా ఆగింది. స్క్రూటినీ అధికారి ఆక్సిలరేటర్ నొక్కి పట్టి స్విచ్ తిప్పమన్నారు, తిప్పాను, ఇంజన్ ఏమీ జరగనట్టే తిరుగుతూ ఉంది. విప్పి చూస్తే ఇంజన్ జతకు నేను వేసిన స్పేడ్ కనెక్టర్ టెర్మినల్ లోపలికి పోకుండా పక్కన రబ్బరు తొడుగులోకి దూరి ఉంది, ఇగ్నిషన్‌కేమో పాత వైరు కత్తిరించకుండా అలాగే ఉండిపోయింది. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ లైట్ల బరువు మోయలేక ఇంజన్ దానంతటదే ఆగేది, దానిని నా వైరింగ్ గొప్పతనమని అనుకున్నాను.

అయిదోది: ఇదే పరీక్షను బయటి హ్యాండిల్‌తో, మరొకరి చేత చేయించండి. ఒక్కో పరీక్షకూ మధ్య రెసిస్టర్ చల్లారడానికి అయిదు నిమిషాలు ఇవ్వండి. ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో చూడటానికి తిరుగుతున్న ఇంజన్ మీద బ్యాటరీ క్లాంపు పీకే పాత అలవాటు ఉంటే మానుకోండి.

10. తరచుగా కనిపించే లోపాలు, సవరణలు

స్విచ్ ఆఫ్ చేసినా పాత కారు ఇంజన్ తడబడుతూ నడుస్తోంది: ఛార్జింగ్ దీపం వైరు గుండా ఆల్టర్నేటర్ నుంచి కరెంటు ఇగ్నిషన్‌లోకి ఎదురు పోతోంది. ఆ వైరులో, దీపం నుంచి ఆల్టర్నేటర్ వైపు మాత్రమే కరెంటు పోయేలా ఒక ఆంపియర్ డయోడ్ వేయండి.

ఈసీయూ కారు రెండు మూడు సెకన్లు ఆలస్యంగా ఆగుతోంది: రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూ తానే కరెంటు పుట్టించి మెయిన్ రిలేను పట్టి ఉంచుతోంది. ఫ్యాన్ పవర్ వైరును రిలే కాయిల్ సర్క్యూట్ నుంచి పూర్తిగా విడదీసి, సొంత రిలే ద్వారా ఇవ్వండి.

సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతోంది: ముందు స్టడ్డుల మీద చేయి పెట్టి చూడండి. వేడిగా ఉన్న స్టడ్డు దగ్గరే లోపం ఉంటుంది. తొంభై పాళ్లు వదులు నట్టో, అడ్డుపడిన వాషరో.

గతుకుల మీద కారు క్షణంపాటు ఆగి మళ్లీ అందుకుంటోంది: చిన్న టెర్మినల్ కనెక్టర్ వదులైంది. స్పేడ్ కనెక్టర్‌ను ప్లయర్‌తో నొక్కి సరిపెట్టకండి, కొత్తది క్రింప్ చేయండి. వైరును స్విచ్ దగ్గరే ఒక క్లిప్పుతో పట్టి ఉంచితే దాని బరువు కనెక్టర్ మీద పడదు.

11. ట్రాక్‌కు బయలుదేరే ముందు రోజు

• స్టడ్డు నట్లు బిగుతుగా ఉన్నాయా, రబ్బరు టోపీలు ఉన్నాయా?
• బ్యాటరీ ప్లస్ మీద ఒక్క కేబులే ఉందా? కెమెరాకో ఛార్జర్‌కో నిన్న రాత్రి ఎవరైనా వైరు కలిపారా?
• లాగుడు కేబుల్‌లో రెండు చుక్కల నూనె వేశారా, హ్యాండిల్ ఒక్క లాగుకే వస్తోందా?
• స్టిక్కర్ ఎండకు వెలిసిపోలేదు కదా? మన మే నెల ఎండలో బయట పెట్టిన కారు మీద ఎరుపు రంగే ముందు పోతుంది.
• 3000 ఆర్‌పీఎం పరీక్ష లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి చేశారా?
• ఆఫ్ చేసి తిరిగి ఆన్ చేసిన తరువాత కారు మామూలుగా స్టార్ట్ అవుతోందా?
• స్విచ్‌కు ఊడి వచ్చే తాళం రకం ఉంటే, రెండో తాళం టూల్ బాక్సులో పడిందా?